నిశ్శబ్దమైన వాటర్ కూలింగ్‌కి ఏ పంపు, ఎంత రిజర్వాయర్?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెబుతాను. హైదరాబాద్‌లో ఫ్లాట్, బెడ్‌రూమ్‌లోనే మీడియం టవర్ కేబినెట్‌లో కంప్యూటర్, రాత్రిళ్లు అక్కడే వాయిస్ రికార్డింగ్. సీలింగ్ ఫ్యాన్ ఆపి మైక్ ఆన్ చేయగానే ఇప్పుడున్న 360 ఏఐఓ (పంపు, 360 మి.మీ. రేడియేటర్ కలిపి సీల్ చేసి వచ్చే రెడీమేడ్ వాటర్ కూలర్) పంపు గుయ్‌మనే సౌండ్ ట్రాక్‌లో పడుతోంది. ఎలాగూ మార్చాలి కదా అని సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండింటినీ కలిపి కస్టమ్ లూప్ (పంపు, రేడియేటర్, ట్యూబులు విడిగా కొని సొంతంగా కట్టుకునే వాటర్ కూలింగ్) కట్టాలనుకుంటున్నారు. పంపుల్లో డీ5 రకం కొనాలా, డీడీసీ రకం కొనాలా? రిజర్వాయర్ (లూప్ నీళ్లు నిలిచే చిన్న ట్యాంకు) 150 మిల్లీలీటర్లు సరిపోతుందా, 300 కావాలా? రెండు పంపులు పెట్టి నెమ్మదిగా తిప్పితే ఇంకా సైలెంట్‌గా ఉంటుందా? ఇవీ మీరు అడిగినవి.

నేనైతే డీ5 ఒక్కటే తీసుకుంటాను. దానికే బిగించి వచ్చే రిజర్వాయర్, స్పీడ్ 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఎక్కడో ఒకచోట స్థిరంగా. అయితే మీ గదిలో సౌండ్ వినిపిస్తుందా లేదా అన్నది ఏ పంపు కొన్నారన్న దానికంటే దాన్ని ఎంత స్పీడ్‌లో తిప్పుతున్నారు, కేబినెట్‌కి ఎలా తగిలించారు అన్న వాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఖరీదైన పంపు కొని కేబినెట్ రేకుకి నేరుగా నాలుగు స్క్రూలు బిగించేసి, మళ్లీ మోత వస్తోందని వాపోయేవాళ్లే ఎక్కువ.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న ఏఐఓ రేడియేటర్ ఎక్కడ ఉంది? కేబినెట్ ముందు వైపు ఉంటే, రేడియేటర్ పైభాగం సీపీయూ మీదున్న పంపు కన్నా ఎత్తులో ఉందో లేదో చూడండి. ఏఐఓలో ఎప్పుడూ కొంత గాలి ఉంటుంది, అది లూప్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటుకి చేరుతుంది. ఆ చోటు పంపే అయితే బుడబుడమంటుంది, గరగరమంటుంది. రేడియేటర్‌ని కేబినెట్ పైకప్పుకి మార్చి, బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) పంపు స్పీడ్‌ని ఆటో నుంచి తీసేసి 60, 70 శాతం దగ్గర స్థిరంగా పెట్టి ఒక వారం విని చూడండి. దానితో సమస్య తీరిపోతే కస్టమ్ లూప్ ఖర్చంతా మిగిలినట్టే. అలాగే మీ బాధ సీపీయూ ఒక్కదానితోనే అయితే పెద్ద ఎయిర్ కూలర్ పెట్టుకోమనే చెబుతాను. అందులో పంపే ఉండదు కాబట్టి పంపు సౌండ్ ప్రశ్నే రాదు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు కూడా వదిలించుకోవాలన్న పట్టుదల ఉంటేనే కస్టమ్ లూప్‌కి అర్థం ఉంది. మీకు ఆ పట్టుదల ఉందనుకునే మిగతాది రాస్తున్నాను.

డీ5, డీడీసీ రెండూ జర్మనీకి చెందిన లైంగ్ కంపెనీ డిజైన్లే. వేడి నీళ్లను పైపుల్లో తిప్పే చిన్న సర్క్యులేషన్ పంపులు చేసిన సంస్థ అది. 2009లో ఐటీటీ అనే అమెరికా కంపెనీ దాన్ని కొన్నది, 2011లో ఆ నీటి వ్యాపారం జైలెమ్ పేరుతో విడిపోయింది. ఈ చరిత్ర ఎందుకంటే, బజార్లో రకరకాల బ్రాండ్ల పేర్లతో కనిపించే డీ5ల్లో చాలా వాటి లోపల మోటారు ఒక్కటే. తేడా పైన బిగించే టాప్‌లో, రిజర్వాయర్‌లో, బ్రాకెట్‌లో ఉంటుంది. కాబట్టి రెండు బ్రాండ్ల మధ్య తేల్చుకోలేకపోతే పంపు గురించి కాకుండా బ్రాకెట్‌లో రబ్బరు ఉందా, రిజర్వాయర్‌ని విప్పి కడుక్కోవచ్చా, ఓ-రింగ్‌లు విడిగా దొరుకుతాయా అన్నవి చూడండి. అదే ఆకారంలో వచ్చే చైనా పంపులూ ఉన్నాయి. వాటిలో బాగున్నవీ ఉన్నాయి గానీ ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ సౌండ్‌లో తేడా రావచ్చు. మీలా మైక్ పెట్టేవాళ్లకి ఆ రిస్క్ అనవసరం.

డీ5 కాస్త బొద్దుగా ఉంటుంది, గంటకు 1,500 లీటర్ల వరకు అని స్పెసిఫికేషన్‌లో కనిపిస్తుంది. డీడీసీ చిన్నది, కానీ ప్రెషర్ ఎక్కువ ఇస్తుంది. ఇరుకైన బ్లాకులు (చిప్ మీద కూర్చుని లోపల నీళ్లు తిరిగే లోహపు ముక్కలు), క్విక్ డిస్‌కనెక్ట్‌లు (చేత్తో ఊడదీసే ట్యూబ్ జాయింట్లు) చాలా ఉన్న లూప్‌లో, చోటు లేని చిన్న కేబినెట్‌లో డీడీసీ మంచిదే. అయితే దాని సౌండ్ సన్నగా, పై స్థాయిలో ఉంటుంది. చెవి, మైక్ రెండూ దాన్ని తేలిగ్గా పట్టేస్తాయి. పైగా డీడీసీ అడుగున ఉన్న సర్క్యూట్ వేడెక్కుతుంది, దానికి హీట్‌సింక్, కొంచెం గాలి కావాలి. డీ5లో మోటారు వేడిలో చాలా భాగం లోపల తిరిగే నీళ్లలోకే పోతుంది. డీ5 సౌండ్ కింది స్థాయిలో మూలుగులా ఉంటుంది, స్పీడ్ తగ్గిస్తే మాయమవుతుంది. మీడియం టవర్ కేబినెట్ అన్నారు కాబట్టి చోటు సమస్య లేదు.

స్పీడ్ తగ్గిస్తే కూలింగ్ పోదా అని మీరు అడగలేదు, కానీ ఆ టెన్షన్ అందరికీ ఉంటుంది. లెక్క చూద్దాం. సీపీయూ 120 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 280 వాట్లు, మొత్తం 400 వాట్ల వేడి అనుకోండి. గంటకు 240 లీటర్లు తిరిగితే నీళ్లు లూప్ ఒక చుట్టు తిరిగేసరికి దాదాపు 1.4 డిగ్రీలు వేడెక్కుతాయి. అందులో సగం, అంటే 120 లీటర్లే తిరిగితే 2.9 డిగ్రీలు. బ్లాక్ లోపల నీటి వేగం తగ్గడం వల్ల ఇంకొంచెం కలిపినా, సీపీయూ టెంపరేచర్‌లో మీకు కనిపించే తేడా ఒకటి రెండు డిగ్రీలు, అంతే. గంటకు 60 లీటర్ల కిందికి దిగితే మాత్రం తేడా తెలుస్తుంది. అందుకే 100 లీటర్ల పైన ఉంటే నేను పంపు సంగతి మర్చిపోతాను, ఆపై కూలింగ్ అంతా రేడియేటర్ సైజు, ఫ్యాన్ల చేతిలోనే ఉంటుంది.

ఇలా చక్రం తిప్పి నీళ్లని నెట్టే సెంట్రిఫ్యూగల్ పంపులకి ఇంకో లక్షణం ఉంది. స్పీడ్ సగం చేస్తే ఫ్లో దాదాపు సగమవుతుంది, ప్రెషర్ నాలుగో వంతుకి పడిపోతుంది, పంపు పెట్టే పని ఎనిమిదో వంతుకి వస్తుంది. అంటే 4,800 ఆర్‌పీఎం నుంచి 2,400కి దిగితే కూలింగ్ పరంగా పోయేది చాలా కొంచెం, కంపనం పరంగా కలిసొచ్చేది చాలా ఎక్కువ. డీ5 వేరియో అయితే వెనుక చిన్న డయల్ ఉంటుంది. 1 మీద 1,800, 5 మీద 4,800. 2 దగ్గర పెడితే సుమారు 2,500. ఎప్పుడూ ఒకే స్పీడ్‌లో ఉంచేట్టయితే వేరియో చాలు, పీడబ్ల్యూఎం (మదర్‌బోర్డ్ సిగ్నల్‌తో స్పీడ్ మార్చే మోడల్) అక్కర్లేదు. కాకపోతే ఒకసారి బిగించాక ఆ డయల్ చేతికి అందదు. మీ పంపు ఏ స్పీడ్‌లో ఏ రేకుతో జోడీ కడుతుందో ముందే చెప్పలేం. 2,300 దగ్గర గుయ్‌మనేది 2,150 దగ్గర పూర్తిగా పోవచ్చు. అలా వెతుక్కోవడానికి పీడబ్ల్యూఎం మోడల్ సుఖం.

పీడబ్ల్యూఎం తీసుకుంటే పవర్ నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి రావాలి. మదర్‌బోర్డ్ ఫ్యాన్ పిన్నులు సాధారణంగా ఒక ఆంపియర్ వరకే, డీ5 ఫుల్ స్పీడ్‌లో 23 వాట్ల దాకా తీసుకుంటుంది. మదర్‌బోర్డ్‌కి వెళ్లాల్సింది సిగ్నల్ వైరు, స్పీడ్ చెప్పే వైరు మాత్రమే. బయోస్‌లో ఆ పోర్టుని పీడబ్ల్యూఎం మోడ్‌లో పెట్టండి, ఆటోలో వదలొద్దు. స్పీడ్‌ని సీపీయూ టెంపరేచర్‌కి ముడిపెట్టకండి. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిస్తే చాలు సీపీయూ పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది, పంపు కూడా దానితోపాటే రాగం తీస్తుంది. స్థిరంగా ఉన్న సన్నని సౌండ్‌ని చెవి కాసేపటికి వదిలేస్తుంది, రికార్డింగ్‌లో నాయిస్ రిడక్షన్ కూడా తేలిగ్గా తీసేస్తుంది. పెరుగుతూ తగ్గుతూ ఉండే సౌండ్‌ని రెండూ వదలవు.

ఇక అసలు విషయం, తగిలించడం. పంపు తనంతట తాను గాల్లోకి పంపే సౌండ్ చాలా తక్కువ. దాని వణుకు రేకుకి చేరితే రేకు మొత్తం వీణ కుండలా పనిచేస్తుంది. దీన్ని పరీక్షించడం చాలా తేలిక. పంపు తిరుగుతుండగా స్క్రూలు విప్పి, ట్యూబులు లాగకుండా చేత్తో అంగుళం పైకెత్తి పట్టుకోండి. సౌండ్ పోయిందంటే దోషం తగిలించడంలో ఉంది. అలాగే ఉంటే పంపులో గాలో, చెత్తో, అరుగుదలో ఉంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే బండి మెకానిక్‌లు చేసినట్టు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఒక్కో భాగానికి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకోండి. తిరిగే ఫ్యాన్లకి మాత్రం దూరంగా.

ఎక్కడ బిగించకూడదో ముందు చెబుతాను. సైడ్ ప్యానెల్ పక్కనుండే పల్చటి రేకు అన్నిటికన్నా చెడ్డది. రేడియేటర్ మీదున్న ఫ్యాన్‌కే పంపు బ్రాకెట్ తగిలించడం చూడ్డానికి బాగుంటుంది, కానీ ఫ్యాన్ వణుకు, పంపు వణుకు ఒకే చోట కలుస్తాయి. కేబినెట్ నేల మంచిది, అదీ రబ్బరు లేకుండా కాదు.

కంపెనీవాళ్లు ఇచ్చే చిన్న రబ్బరు వాషర్లు చాలాసార్లు పేరుకే. స్క్రూ గట్టిగా బిగిస్తే రబ్బరు నలిగిపోయి గట్టి ముక్కలా మారుతుంది, వణుకు స్క్రూ గుండానే దిగిపోతుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి గ్రానైట్ ముక్క. కిచెన్ ప్లాట్‌ఫామ్‌లు కోసే షాపుల్లో 18 మి.మీ. మందం తునకలు పక్కన పడేసి ఉంటాయి. ఆరంగుళాల చదరం ముక్క కోయించుకుంటే కిలో పైచిలుకు బరువుంటుంది. పంపు బ్రాకెట్‌ని దాని మీద బిగించండి, దాని కింద మెత్తటి కుషన్ స్పాంజ్ పెట్టండి. చెప్పుల షాపులో దొరికే గట్టి షీట్ పనికిరాదు. రాయి, పంపు, నీళ్ల బరువు పడ్డాక స్పాంజ్ కనీసం 3 మి.మీ. దిగాలి, అలాగని పూర్తిగా అణిగిపోకూడదు. 3 మి.మీ. దిగితే ఆ అమరిక సహజ కంపనం లెక్క ప్రకారం 9 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. స్పాంజ్ స్వభావం వల్ల అది కొంత పైకి జరిగినా, 2,400 ఆర్‌పీఎంలో పంపు వణుకు సెకనుకి 40 సార్లు కాబట్టి మధ్యలో చాలా ఎడం ఉంది, కిందికి దిగేది తక్కువే. స్పాంజ్ మరీ గట్టిదైతే ఈ రెండూ దగ్గరపడతాయి, అప్పుడు తగ్గకపోగా పెరుగుతుంది. కంప్యూటర్‌ని కారులో ఎక్కడికైనా తీసుకెళ్తే మాత్రం రాయిని ముందుగా కట్టేయాలి, లేదంటే తీసి పక్కన పెట్టాలి.

ఇంత చేసి గట్టి ట్యూబులు వాడితే మొత్తం వృథా. పీఈటీజీ, అక్రిలిక్ పైపులు ఫొటోల్లో మెరుస్తాయి కానీ వణుకుని నేరుగా బ్లాక్‌కి, అక్కడి నుంచి మదర్‌బోర్డ్ ట్రేకి మోసుకెళ్తాయి. మెత్తటి ట్యూబ్, వీలైతే నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబ్ తీసుకోండి. పంపు దగ్గర రెండు వైపులా కొంచెం వదులుగా వంపు ఇవ్వండి. బిగుతుగా లాగిన మెత్తటి ట్యూబ్ కూడా గట్టిదానిలాగే ప్రవర్తిస్తుంది. ఈపీడీఎం గుండా నీళ్లు ఆవిరైపోవడం కూడా తక్కువ.

రిజర్వాయర్ విషయంలో మార్కెట్లో చాలా భ్రమలు ఉన్నాయి. పెద్ద రిజర్వాయర్ వల్ల కంప్యూటర్ చల్లగా ఉండదు. లీటరు నీళ్లలో 400 వాట్లు పోస్తే డిగ్రీ పెరగడానికి దాదాపు 10 సెకన్లు. అదనంగా 150 మిల్లీలీటర్లు పోస్తే ఇంకో సెకనున్నర. గేమ్ మొదలైన అరగంటకి రెండూ ఒకే చోటికి చేరతాయి. మీ విషయంలో ఒక్క చిన్న ఉపయోగం ఉంది. రికార్డింగ్ సమయంలో కంప్యూటర్ మీద లోడ్ తక్కువ, ఓ 100 వాట్లు అనుకుందాం. అప్పుడు ఫ్యాన్లన్నీ పూర్తిగా ఆపేసి ఓ టేక్ చేసుకోవచ్చు, లీటరు నీళ్లు డిగ్రీ పెరగడానికి 40 సెకన్లు పైనే పడుతుంది, రేడియేటర్ లోహం కూడా కొంత వేడిని దాచుకుంటుంది. అక్కడ కూడా అదనపు 150 మిల్లీలీటర్లు ఇచ్చేది 15 శాతమే.

రిజర్వాయర్ నిజంగా చేసే పని లూప్‌లోని గాలిని పట్టుకుని పైకి వదలడం. సౌండ్‌కి దీనితో సూటి సంబంధం ఉంది. నీళ్లు తిరిగొచ్చే దారి నీటిమట్టం కన్నా కింద ఉండాలి, లేకపోతే కుళాయి కింద బకెట్ పెట్టినట్టే మోత. అవుట్‌లెట్ దగ్గర సుడి ఏర్పడితే గాలి నేరుగా పంపులోకి దిగుతుంది, అందుకే సుడి ఆపే ప్లేటు ఉన్న మోడల్ చూడండి. లోపల నీళ్లు కాస్త నెమ్మదించేంత వెడల్పు ఉండాలి. ఈ మూడూ ఉంటే 150 చాలు. నేను మాత్రం 200, 250 మధ్య సూచిస్తాను, కారణం సోమరితనం. నింపేటప్పుడు 150 మిల్లీలీటర్లని పంపు రెండు సెకన్లలో తాగేస్తుంది, డీ5 బేరింగ్‌కి నీళ్లే కందెన, ఒట్టిగా తిరిగితే పాడవుతుంది. పెద్దదైతే తాపీగా పోసుకోవచ్చు. 300 పొడవాటి గొట్టం మోడళ్లు పైభాగంలో ఊగుతాయి, రాయి మీద పెట్టినప్పుడు అది ఇబ్బందే.

నింపేటప్పుడు స్పీడ్ ఫుల్‌లో ఉంచండి. 4,800లో డీ5 దాదాపు 4 మీటర్ల ఎత్తుకి నీళ్లు ఎక్కించగలదు. సగం స్పీడ్‌లో అది ఒక మీటరే, ఎత్తైన రేడియేటర్‌లో గాలి ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. లూప్ మొత్తం నిండాక ఎత్తుతో పనిలేదు, ఎక్కే నీళ్ల బరువుని దిగే నీళ్లు సరిచేస్తాయి. అప్పుడు స్పీడ్ తగ్గించండి. కేబినెట్‌ని అటూ ఇటూ వంచుతూ, రోజూ కొంచెం నీళ్లు కలుపుతూ కొన్నాళ్లు చూడాలి. మొదటి వారంలో వచ్చే గరగరని బట్టి పంపుని తిట్టుకోవద్దు, అది గాలి. రిజర్వాయర్ పైన ఒక వేలు మందం ఖాళీ వదలండి, నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి.

కొత్త రేడియేటర్‌ని కడగకుండా పెట్టకండి. లోపల మిగిలిన ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే పదార్థం), లోహపు పొడి పంపులోకి వచ్చి బేరింగ్ దగ్గర చేరితే రాళ్లు నూరినట్టు సౌండ్ వస్తుంది. అలా వస్తే డీ5 టాప్ విప్పి రోటర్‌ని చేత్తో పైకి లాగేయొచ్చు, అయస్కాంతం పట్టు తప్ప ఇంకేమీ ఉండదు. కడిగి మళ్లీ సిరామిక్ గోళీ మీద కూర్చోబెట్టడమే. బోరు నీళ్లు గానీ కుళాయి నీళ్లు గానీ వద్దు. డిస్టిల్డ్ వాటర్‌తో తుప్పు, నాచు రాకుండా చేసే మందు ఉన్న కూలెంట్ వాడండి. రాగి బ్లాకులతో అల్యూమినియం రేడియేటర్ కలపొద్దు. రిజర్వాయర్ అక్రిలిక్ అయితే ఆల్కహాల్‌తో తుడవకండి, పగుళ్లు పడుతుంది.

మే నెల గురించి ఒక మాట. రికార్డింగ్‌కి ఏసీ కూడా ఆపేస్తారు కాబట్టి గది 36 డిగ్రీలు ఉంటే నీళ్లు 45 దాటడం మామూలే. భయపడక్కర్లేదు, డీ5కి నీళ్ల పరిమితి 60 డిగ్రీలు. కానీ విదేశీ వీడియోల్లో చూసి నీళ్లు 35 దాటగానే ఫ్యాన్లు ఫుల్ అని పెట్టుకుంటే వేసవంతా విమానంలా మోగుతుంది. లూప్‌లో ఒక టెంపరేచర్ సెన్సర్ పెట్టి, ఫ్యాన్లని నీళ్ల టెంపరేచర్‌ని బట్టి తిప్పండి. నీళ్లు 42 దగ్గర మెల్లగా మొదలై 50 దగ్గర వేగం అందుకునేలా పెడితే మన వాతావరణానికి సరిపోతుంది.

రెండు పంపుల సంగతి. మీ లూప్‌లో రెండు బ్లాకులు, ఒకటో రెండో రేడియేటర్లు, దీనికి ఒక్క డీ5 సగం స్పీడ్‌లో చాలు. రెండు పెడితే ఒకదాని స్పీడ్ 2,200, ఇంకోదాని స్పీడ్ 2,230 ఇలా కొంచెం తేడాగా ఉంటుంది, ఆ తేడా వల్ల సౌండ్ గుమ్మ్... గుమ్మ్... అని అలలుగా వస్తుంది. ఒక్క పంపు స్థిరమైన సౌండ్ కన్నా ఇది చాలా విసిగిస్తుంది. ఒకటి ఆగిపోతే రెండోది ఉంటుందన్న భరోసా కోసం పెట్టేవాళ్లున్నారు, అది వేరే లెక్క.

ఆ భరోసా మీకు ఇంకో దారిలో దొరుకుతుంది. ఇంత సైలెంట్‌గా చేశాక పంపు ఆగిపోయినా చెవికి తెలియదు. పంపు స్పీడ్ చెప్పే వైరుని మదర్‌బోర్డ్‌లో సీపీయూ ఫ్యాన్ అని రాసున్న పిన్నులకే పెట్టి, బయోస్‌లో ఫ్యాన్ ఫెయిల్ వార్నింగ్ ఆన్ చేయండి. తర్వాత ఒకసారి ఆ వైరు కావాలనే పీకి, కంప్యూటర్ హెచ్చరిస్తోందో లేదో చూసుకుని మళ్లీ పెట్టేయండి.